చిన్న ఇత్తడి బొత్తాం

మ్యూజియం అధికారి గారికి నమస్కరించి రాస్తున్నాను.

మావారు నది ఇసుకలో మెటల్ డిటెక్టరుతో వెతికి తెచ్చిన పాత బొత్తాలన్నీ మీరు ఉంచుకొని, ఈ చిన్న ఇత్తడిదాన్ని మాత్రం "పాతది కాదు" అని తిప్పి పంపారు. నిజమే.

ఏ బొత్తాం దొరికినా ఆయన, "వందేళ్ళ కిందట ఏ పిల్లదో! పోగొట్టుకొచ్చిందని వాళ్ళమ్మ చీవాట్లు పెట్టుంటుంది" అని నవ్వుతారు. మా అమ్మాయి ఆ నదిలో పోయినప్పటి నుంచి ఆయనకిదే పని.

ఈ చిన్నది దాని గౌనుది. కుట్టింది నేను, ఆయన ఆనవాలు పట్టలేదు. చెబితే రేపటి నుంచి ఏం వెతుకుతారు?

మళ్ళీ పంపుతున్నాను. దయచేసి వాటి పక్కనే ఉంచండి. ఇదీ ఎప్పటికో పాతబడుతుంది. అప్పుడెవరో అద్దంలోంచి చూసి, పిల్ల ఇంటికొచ్చిందనీ, వాళ్ళమ్మ చీవాట్లు పెట్టిందనీ అనుకోవాలి.

ఇట్లు,
వాళ్ళమ్మ