లలిత క్లాసుకి కుట్టిన ఆకాశం

నవంబరు 11
లలిత మళ్ళీ స్కూలుకి వెళ్ళింది. థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక ఇదే మొదలు. సాయంత్రం వచ్చి బ్యాగు పడేసి, గొంతు మీద చెయ్యేసుకుని కూర్చుంది. రెండో బెంచీ దాటి వినబడటం లేదట. సెవెన్త్ బి పిల్లలు... అన్ని గొంతుల మధ్య దీనిది ఒక్కటి, అదీ సగం.
హెడ్ మేడమ్ మర్యాదగానే చెప్పిందట. ఒకరోజు వచ్చి క్లాసులో కూర్చుంటాను, పిల్లలకి వినబడకపోతే ఆఫీసులో అడ్మిషన్ల సీటు ఖాళీగా ఉంది అని.
అడ్మిషన్ల సీటు. నా కూతురికి.

నవంబరు 12
అన్నం సగంలో లేచిపోయింది. వాళ్ళమ్మ సత్యవతి ఆ కంచం మీద మూత పెట్టింది. అంతే.

నవంబరు 13
ఇవాళ నవ్వింది. తర్వాతి పాఠం నక్షత్రాలట. ఒక పిల్ల అడిగిందట — మేమ్, అన్ని నక్షత్రాలుంటే అవి ఢిల్లీకి ఎందుకు రావు?
ఈ పొగలో ఎక్కడొస్తాయి పాపం. మా జనక్‌పురిలో మేడెక్కితే ఎదురింటి వాటర్ ట్యాంకే సరిగ్గా కనబడదు. నా చిన్నతనంలో చలికాలం కళ్ళంలో కాపలా పడుకుంటే గొల్లకావిడి, పిల్లలకోడి చుక్కలు నెత్తి మీదే ఉండేవి. చూసి చూసి నిద్రపోయేవాళ్ళం. అవేమిటని ఒక్కడూ అడగలేదు.
"నాన్నా, దోమతెరలా నల్లగుడ్డతో ఒకటి కుట్టగలవా? పిల్లలు లోపల, లైటు బయట. కన్నాల్లోంచి వెలుగు రావాలి."
కుట్టగలవా అంటుందేమిటి. కంటోన్మెంటు గేటు ఎదుట జవాన్ల యూనిఫారాలు కుట్టి దీన్ని ఎమ్మెస్సీ చదివించాను.

నవంబరు 17
మందపాటి కర్టెన్ గుడ్డ వచ్చింది. గాగ్రాకి కోసినట్టు కలీ ముక్కలు కోశాను — పైన సన్నం, కింద వెడల్పు. హాలంతా గుడ్డే.
"ఏవండీ, ఎవరైనా వస్తే ఎక్కడ కూర్చోబెట్టను?"
"ఆకాశం పక్కన కూర్చోబెట్టు."
"ఆకాశమో, గేదెకి చొక్కానో" అంటూ దాటుకుని పోయింది సత్యవతి.
చేతులు ఎంత బాగా ఆడుతున్నాయో. పాతికేళ్ళవాడి చేతుల్లా.

నవంబరు 21
కన్నాలు పొడుస్తున్నాను. లలిత ఇచ్చిన పటం గుడ్డ మీద పరిచి, ఒక్కో చుక్కలో సూది. పెద్ద చుక్కలకి బూట్ల తాడు దూర్చే రింగులు. పక్కన కూర్చుని చెబుతోంది నా చిట్టితల్లి, మెల్లగా, ఊపిరి తీసుకుంటూ. ఒక్కో చుక్కా ఒక సూర్యుడట.
ఒకచోట ఆపింది. ఇది చుక్క కాదు నాన్నా, ఆండ్రోమెడా, ఇంకో గెలాక్సీ. మన సూర్యుడి లాంటివి అందులో లక్ష కోట్లు ఉండొచ్చట. దాని వెలుగు బయల్దేరిన నాటికి మనుషులే పుట్టలేదట.
అంతా ఒక్క సూదిమొనలో.
సూది పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఐదో క్లాసు చదివినవాణ్ణి. ఇంత సంగతి నా కూతురి నోటంట వినడానికే ఇన్నాళ్ళు బతికానేమో... ఆ కన్నం మాత్రం అన్నిటికంటే సన్నసూదితో పొడిచాను.

నవంబరు 27
ఇవాళ్టి సంగతి ఎలా రాయను.
స్కూల్లో పెద్ద గదిలో ఫ్యాను కొక్కేనికి వేలాడగట్టాం. పిల్లలు లోపలికి దూరారు. చెప్పా పెట్టకుండా హెడ్ మేడమ్ కూడా వచ్చి, చెప్పులు విప్పి దూరింది. నేను బయట స్విచ్చు దగ్గర. లైట్లు వేశాను. లోపల ఒక్కసారిగా అందరూ ఊపిరి పీల్చిన చప్పుడు.
తర్వాత ఆ ఢిల్లీ ప్రశ్న అడిగిన పిల్లే అనుకుంటా — "మేమ్, సప్తర్షి తో ఉల్టా హై."
పుస్తకంలో తోక ఒకవైపు, నా గుడ్డలో ఇంకోవైపు. ఉల్టా ఉల్టా అని ఒకటే గోల. జన్మంతా బట్ట చూసేవాళ్ళు బయటుంటారనే కుట్టాను. పటం బయటివైపు పరిచి పొడిచాను. ఇక్కడ చూసేవాళ్ళు లోపలున్నారు కదా.
లలిత అరవలేదు. ఆ గొంతుతో అరవనూ లేదు. మామూలుగా మొదలుపెట్టింది. కుట్టినాయన బయట నించుని కుట్టాడు, బయటినుంచి చూస్తే ఇదే సరి. కానీ మనం బయటికెళ్ళి చూడలేం, అందరం లోపలే ఉన్నాం. అసలు ఆకాశానికి ఈ గుడ్డ కూడా లేదు, ఒక చుక్క దగ్గర, ఒకటి ఎంతో దూరం...
"చుప్ కరో యార్, మేమ్ కీ ఆవాజ్ నహీ ఆ రహీ." మేమ్ గొంతు వినబడటం లేదని పిల్లలే పిల్లల్ని కసిరారు. ఇక చప్పుడు లేదు. గుడ్డ ఇవతల నాకు ప్రతి ముక్కా వినబడింది. స్విచ్చుబోర్డు పట్టుకుని ఏడ్చాను, సంతోషంతో.
బయటికొచ్చాక హెడ్ మేడమ్ అంది — "బహుత్ అచ్ఛా. కానీ రోజూ ఈ డేరా ఉండదు కదా లలితాజీ. సోమవారం మామూలు క్లాసులో కూర్చుంటాను."

నవంబరు 28
కుట్లన్నీ విప్పి మళ్ళీ పొడుస్తానన్నాను. సత్యవతి కూర తరుగుతూ, "చొక్కా తిరగేసినట్టు తిరగెయ్యండి, పోతుంది" అంది. తిరగేశాను. సప్తర్షి సరిగ్గా వచ్చింది. అతుకులు బయటపడ్డాయి — పడనీ.

డిసెంబరు 1, సోమవారం
డేరా లేదు. కిటికీలు తెరిచే ఉన్నాయట. లలిత బోర్డు దగ్గర, హెడ్ మేడమ్ వెనక గోడ దగ్గర కుర్చీలో. పాలపుంత గురించి మొదలుపెట్టగానే వెనక బెంచీల పిల్లలు లేచారట. ఎవరూ చెప్పకుండానే ముందుకొచ్చి, బోర్డు ముందు నేల మీద ఒకళ్ళనొకళ్ళు ఆనుకుని కూర్చున్నారట. నా కూతురు చెబుతుంటే అలా మూగారంటే... రాస్తుంటే కళ్ళు మసకేస్తున్నాయి.
వెనకంతా ఖాళీ. కాసేపటికి హెడ్ మేడమ్ కూడా కుర్చీ ముందుకి లాక్కుందట. గంట కొట్టేదాకా ఉండి, అడ్మిషన్ల సీటు మాటెత్తకుండా వెళ్ళిపోయింది.
వినబడక లాక్కుందా, వినాలని లాక్కుందా — పెరుగన్నం కలుపుతూ లలిత ఇదే అడుగుతోంది. నన్నడుగుతుందేమిటి, గుడ్డ ఇవతల నించుని ప్రతి ముక్కా విన్నవాణ్ణి...