చాయ్ పోస్టర్ ఆవిడ బొట్టు

1991, దసరా ముందటి శుక్రవారం

సున్నాలు వేస్తున్నారని బస్టాండు పక్క రాజవ్వ హోటల్లో పాత చాయ్‌పత్తి పోస్టర్ దించేశారు. కప్పు పట్టుకుని నవ్వే ఆ పోస్టర్ ఆవిడను చూస్తూ బడి రోజుల నుంచీ అక్కడ మిర్చి బజ్జీలు తిన్నాను. పారేస్తారేమోనని అడిగి తీసుకుంటుంటే వేలికి ఎర్రగా అంటింది. ఆవిడ బొట్టు! ఇన్నాళ్లూ కంపెనీ వాళ్లే అచ్చేశారనుకున్నాను. తీరా చూస్తే కుంకుమ, పొరలు పొరలుగా పేరుకుని ఉంది.

"ఎవలు పెట్టిన్రు అవ్వా?" అని అడిగాను.

"నేనే బిడ్డా. ఉత్త నొసటితోని గోడ మీదుంటె సూడబుద్ధి కాలే. పదేండ్ల సంది శుక్రారం శుక్రారం పెడ్తున్న," అంది రాజవ్వ, తన బోసి నుదురు కొంగుతో తుడుచుకుంటూ.

ఆమె భర్త పోయి పదేళ్లు. అప్పటి నుంచి ఏ పెళ్లిలోనూ ఆమె చేత ఎవరూ బొట్టు పెట్టించుకోలేదు.

"నాకు గూడ పెట్టు," అని ముఖం ముందుకు వంచాను.

"పెండ్లి కుదిరిన పిల్లవు. నేను పెట్టొద్దు బిడ్డా," అని చేతులు కొంగులో దాచుకుంది.

పోస్టర్ ఇప్పుడు నా ముందే ఉంది. పదేళ్లు రాజవ్వ చేతి బొట్టే పెట్టుకుంది ఈవిడ. ఏమయిందట? కప్పు జారలేదు, నవ్వూ చెరగలేదు.