ఎర్రమన్ను నేల

కోవిల్‌పట్టి,
ఆడి మాసం, 1934.

చిరంజీవి సౌభాగ్యవతి సుబ్బులక్ష్మికి దీవెనలు. ఇక్కడ నేనూ మామా వేళకు తింటున్నాము, ఒంట్లో బాగానే ఉన్నది. విరుదునగరంలో నీవూ, అమ్మమ్మా, కడుపులోని బిడ్డా చల్లగా ఉన్నారని తెలిస్తే నా మనసు కుదుటపడుతుంది.

మన దగ్గర పనిచేసే పాపమ్మాళ్ కాలు ఎలా ఉన్నదని అడిగావు. పుండు మానింది. మడమ దగ్గర చర్మం బిగుసుకుపోయి కుంటుతున్నది. అసలేమైందో నీకెవరూ సరిగా చెప్పినట్టు లేదు.

మన అగ్గిపెట్టెల షెడ్డులో మీ నాన్న ముచ్చటపడి నున్నని బండలు పరిపించారు కదా. వర్తకులు చూసి మెచ్చుకోవాలని ఆయన ఆశ. పెట్టెల్లో పుల్లలు నింపేచోట బండ వద్దని నేను అప్పుడే అన్నాను. రాలిన పుల్ల మన్నులో అయితే దిగబడుతుంది, బండమీద నలిగి అంటుకుంటుంది.

"మన్ను నేల తేమ లాగుతాదప్పా. తేమ తగిల్తే పుల్ల అంటుకోదు" అన్నారు మామ.

ఆ రోజు పాపమ్మాళ్ సరుకు నింపిన చెక్కపెట్టెను ఈడ్చింది. దానికింద పుల్లలు నలిగి భగ్గుమన్నాయి. పక్కనున్న కుప్ప అంటుకున్నది. ఆడవాళ్ళందరూ ఉన్న ఒక్క వాకిలికే పరుగెత్తి ఇరుక్కుపోయారు. నేను తడిగోనెలు కప్పి మంట ఆర్పి, ఆమెను బయటికి లాగాను. ప్రాణాలకేమీ కాలేదు.

మరునాడు, "బండలు తీయించండి మామా" అని అడిగాను.

ఆయన, "నువ్వు తూత్తుకుడి పోవాలని చూస్తాండావంట. నాకు మగబిడ్డ లేడు. ఈడనే ఉంటానంటే మన్ను ఏపిస్తా. పోతే నా షెడ్డు, నా ఇష్టం" అన్నారు.

తూత్తుకుడి పని సంగతి ఏమైందని కూడా అడిగావు. ఆ మాట దగ్గరికి రాలేకనే ఇంతసేపూ కాలి సంగతీ నేల సంగతీ రాశాను. రేవు గోదాములో పని ఖాయమైందని కబురు వచ్చింది. మనమిద్దరమే వేరే ఇంట్లో, ఎవరి గొంతుకూ ఉలిక్కిపడకుండా బతకాలని నీవు ఎంత ఆశపడ్డావో నాకు తెలుసు. నిన్ను అడగకుండానే రానని చెప్పి పంపాను.

ఇక్కడి నల్లరేగడి ఎండితే పగులుతుంది, పగుళ్ళలో పుల్లలు చేరతాయి. అందుకని బండలు తీసినచోట వేయడానికి ఎద్దుబండ్లమీద ఎర్రమన్ను తెప్పించాము. ఆడవాళ్ళే తొక్కి, దిమ్మిసతో మొత్తి, పేడతో అలికారు. బాగా ఎండిన తరువాతే పని మొదలుపెట్టాము. పాపమ్మాళ్ లోపలికి రావడానికి జంకింది. వాకిట్లో నిలబడి, "ఇంగ నువ్వు యాడికీ పోవు గదా సామీ?" అని అడిగింది. పోనన్నాను. అప్పుడే కాలు లోపల పెట్టింది.

మామ షెడ్డు తాళంచెవులు నాకే ఇచ్చారు. నడుస్తుంటే మొలలో గలగలమంటున్నాయి. ఊళ్ళో అందరూ అదృష్టమంటున్నారు. నీకు కోపం వస్తే దాచుకోవద్దు, ఉన్నది ఉన్నట్టు రాయి.

వట్టికాళ్ళతో ఆడవాళ్ళు నిబ్బరంగా తిరుగుతుంటే చేసింది సరే అనిపిస్తుంది. తూత్తుకుడి రైలు కూసినప్పుడు మాత్రం అనిపించదు.

ఇట్లు,
నీ పెనిమిటి
చెల్లసామి