సరుగుడు తోటలో ఆకుపచ్చ వల

నవంబరు 6
ఉప్పలగుప్తం నుంచి తెచ్చిన కొంగల ఫోటోలు కంప్యూటర్లో పెద్దవి చేసి చూస్తున్నా. అత్తయ్య రొయ్యల చెరువు, గట్టు, వెనక సరుగుడు తోట. తోటలో ఒకచోట ఆకుపచ్చ మరీ ఎక్కువ. వల. వల కింద చక్రాలు — మిలటరీ బండివే.

నవంబరు 7
స్టూడియోలో ఓణీల ఫంక్షన్ ఆల్బమ్ పని. మనసంతా ఆ చక్రాల మీదే. అత్తయ్య ఊళ్లో ఒక్కరూ ఆ మాట ఎత్తరేం?

నవంబరు 9
అత్తయ్యకి ఫోన్ చేశాను. రేపు పొద్దున్న మళ్లీ వస్తున్నా, కొంగలకి అన్నాను.
"మొన్నేగా తీసేవు?" అంది. మళ్లీ తనే — "ఏ వేళకొస్తావ్?"

నవంబరు 10
ఏడింటికే గట్టు మీదున్నా, పొడుగు లెన్సుతో. నాలుగు బండ్లు. పడుకోబెట్టిన ఇనుప స్తంభం. పైన కప్పిన కొమ్మలు ఎండిపోయాయి. గబగబా తీశాను.

తోటలోంచి ఒకతను వచ్చాడు. లుంగీ, బనీను... కాళ్లకి మాత్రం బూట్లు. యాస మన వైపుది కాదు.
"పద్మగారూ, పక్షులు అటు పక్కనున్నాయి."
నా పేరు!
నేను వస్తానని తెలిసింది అత్తయ్యకు మాత్రమే.

నవంబరు 12
అత్తయ్య రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి. ఆవిణ్ణి అనుమానిస్తున్నాను.

నవంబరు 13
తనే బస్సెక్కి అమలాపురం వచ్చింది. స్టూడియోలో కుర్చీ వేసినా కూర్చోలేదు.

"నేనే చెప్పేనే. గట్టు దారి ఇప్పుడు వాళ్ల చేతిలో ఉంది. మేత బండిని రానివ్వకపోతే రొయ్యంతా చచ్చిపోద్ది. ఎవరొచ్చినా ముందు చెప్పమన్నారు. మా పిల్లే అని చెప్పకపోతే నిన్నేమనుకుందురో?"
"ఎవరత్తయ్యా వాళ్లు?"
"అడగలేదే." తర్వాత, గుమ్మం వైపు చూస్తూ — "ఆ ఫోటోలు తీసేసేవా?"

తీసేశానన్నాను. అబద్ధం. నమ్మినట్టు తలూపింది.
వాళ్లు అడగమన్నారా, తనే అడిగిందా?

నవంబరు 16
కెమెరా లేకుండా చెరువు దగ్గరికి వెళ్లాను. తోట ఖాళీ. వల లేదు, బండ్లు లేవు. చక్రాలు దిగబడ్డచోట నీళ్లు నిలిచాయి. అత్తయ్య గట్టు మీద నిలబడి మేత చల్లుతోంది.

"ఎప్పుడెళ్లేరు?"
"ఎవరే?"
"ఆ బండ్లవాళ్లు."
"ఏం బండ్లే? ఇక్కడెవరున్నారు?"

గట్టిగా అంది, చెరువు అవతలికి వినపడేంత గట్టిగా. అంటూనే నా చెయ్యి పట్టుకుంది. వదల్లేదు.

గట్టు మీద మేమిద్దరమే... అనుకుంటున్నాను.