టోపీ పెరగదు, బావా!

బావమరిదికి,

మీ బావ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద కాబట్టి రాశాను. అది నమ్మకు.

మొన్న మంగళవారం నిలువుటద్దం బీరువా ఒకటి వేలానికొచ్చింది. వేలం హాల్లో ఆ సుత్తి పట్టుకుని నాకు ఇరవై రెండేళ్లు. "ఒకటోసారి" అన్నాను, "రెండోసారి" అన్నాను. "మూడోసారి" అనబోతుంటే నా టోపీ సర్రున జారి ముక్కు మీద కూర్చుంది. లోకమంతా చీకటి! చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ సుత్తి దించేసింది. టోపీ ఎత్తి చూద్దును కదా, నా వేలు చూపిస్తున్న వైపు హాలు స్తంభం తప్ప నరమానవుడు లేడు. అంత మంచి బీరువాను స్తంభానికి అమ్మేశానోయ్! జనం నవ్వారు.

ఆ టోపీ సంగతి నీకు తెలుసు. మీ అక్కతో పెళ్లయిన ఏడు కొన్న ఫెల్టు టోపీ. ఇరవయ్యారేళ్లుగా అదే టోపీ, అదే తల, దారప్పోగంత తేడా లేదు. ఊళ్లో ఎంతమందితో చెప్పుకున్నానో లెక్క లేదు. అలాంటిది ఒక్కసారిగా ఇంత వదులెలా అవుతుంది?

మా వీధి చివర టోపీల మేస్త్రి ఒకాయన ఉండేవాడు. నాలుగు నెలల క్రితం కొట్టు మూసి కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఇప్పుడక్కడ ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. నాకు ఆయనతో ఎన్నడూ పని పడలేదనుకో. మీది పెద్ద ఊరు కదా, పాతకాలపు పని తెలిసిన మేస్త్రిని ఎవరినైనా పట్టు. మిషను కుట్టు వాళ్లు వద్దు.

ఇట్లు,
స్తంభానికి బీరువా అమ్మిన మీ బావ

తా.క.: ఈ సంగతి మీ అక్కకు తెలియనివ్వకు, కంగారు పడుతుంది. ఈ ఉత్తరం పోస్టు చేసేది కూడా ఆమే. అందుకే కవరు గట్టిగా అంటించాను.

* * *

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. కవరు రెండుసార్లు అంటించినట్టుంది, మీ జాగ్రత్త మెచ్చుకోవాలి.

నాలుగు రోజులు కాళ్లరిగేలా తిరిగాను. బజార్లో "టోపీల నిలయం" అని ఇంత పెద్ద బోర్డు చూసి లోపలికి వెళితే అన్నీ ప్లాస్టిక్ టోపీలే. బాగుచేస్తారా అంటే, "పాడైతే ఇంకోటి కొనుక్కోవాలి గానీ బాగుచేయడమేంటి సార్?" అని నన్ను ఎగాదిగా చూశాడు. నాటకాలకు కిరీటాలు చేసే ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన ఈకలు పెడతానన్నాడు. వద్దంటే చిన్నబుచ్చుకున్నాడు.

చివరికి చెప్పుల బజారు వెనక మేడ మెట్ల కింద గదిలో ఒక అవ్వ దొరికింది. అరవయ్యేళ్లుగా మగవాళ్ల టోపీలు చేయడం, బాగుచేయడం తప్ప ఆవిడకు వేరే పని తెలియదట. పొయ్యి మీద కెటిల్, దాని మూతి నుంచి వచ్చే ఆవిరిలో టోపీ, గోడకు వరసగా చెక్క తలలు. చుట్టుపక్కల వాళ్లు ఆవిరవ్వ అంటారు. మీ కష్టం చెప్పాను. ఆవిడ కెటిల్ దించకుండానే అంది: "ఫెల్టంటే ఒత్తిన ఉన్ని నాయనా. చెమటకీ ఎండకీ ముడుచుకుంటుంది. దానంతటది పెరగడం నా అరవయ్యేళ్లలో చూడలేదు. టోపీ పెరగదు. ఆ పెద్దమనిషిని తల చూపించుకోమను."

చావు కబురు చల్లగా చెప్పానని తిట్టుకోకండి. అన్నది అన్నట్టు రాశాను.

మీ శ్రేయస్సు కోరే,
బావమరిది

తా.క.: బావా, ఈమధ్య తల తేలిగ్గా ఉన్నట్టు ఏమైనా అనిపిస్తోందా?

* * *

బావమరిదికి,

నీ ఉత్తరం చదివి కుర్చీలో కూలబడ్డాను. ఇంకా అందులోనే ఉన్నాను.

సోమవారం దారంతో తల చుట్టూ కొలిచి ముడి వేశాను. గురువారం మళ్లీ కొలిస్తే ముడికి ఇవతలే అర అంగుళం దారం మిగిలింది. నాలుగు రోజుల్లో అర అంగుళమోయ్! మధ్యలో బుధవారం క్షవరం చేయించుకున్నాను, అది వేరే సంగతి. ఈ లెక్కన ఏడాది తిరిగేసరికి నా మెడ మీద నిమ్మకాయంత మిగులుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లాను. నా తల చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇదివరకు ఎంత ఉండేది?" అన్నాడు. పాత కొలత లేనిదే కొత్త తల గురించి ఏమీ చెప్పలేడట. ఇంటికొచ్చి పెళ్లి ఫొటోలో కొలిచాను. బొటనవేలి గోరంత ఉంది. దాన్ని పట్టుకుని ఏం తేల్చను?

తల తగ్గితే లోపలి సరుకు కూడా తగ్గుతుంది కదా. నిన్న వేలంలో "రెండోసారి" రెండుసార్లు అన్నాను. మా పొట్టి గుమస్తా అది విని పక్కకు తిరిగాడు. నా తర్వాత సుత్తి తనదేనని వాడికి ఎప్పటినుంచో ఆశ.

టోపీని పార్సిల్లో పంపుతున్నాను. అవ్వ కళ్లారా చూసి చెబితే అప్పుడు నమ్ముతాను.

ఇట్లు,
రోజురోజుకూ తగ్గిపోతున్న మీ బావ

తా.క.: మీ అక్కకు ఒక్క ముక్క చెప్పలేదు. అయినా మూడు రోజుల నుంచి పెద్ద చేప ముక్క నాకే వేస్తోంది. ఎదురు మాట్లాడటం లేదు. ఇరవయ్యారేళ్లలో ఇలా ఎన్నడూ లేదు. నా ఆయుష్షు గురించి ఆమెకు ఏదో తెలిసినట్టుంది.

* * *

బావగారూ, బావగారూ!

ముందు కూర్చోండి. కూర్చునే ఉంటే సరే. మీ తల క్షేమం. మిగతాదే ఘోరం.

అవ్వ మీ టోపీలో మొహం పెట్టి వాసన చూసింది. లోపలి తోలు పట్టీ తిరగేసింది. కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టుకుంది. తర్వాత నా వంక ఎలా చూసిందంటే, బావా, నేనే ఏదో నేరం చేశాననిపించి చెమట పట్టింది.

"ఈ పట్టీ కుట్టు కనీసం పాతికసార్లు విప్పి మళ్లీ వేశారు. విప్పినప్పుడల్లా టోపీని ఆవిరి పట్టి, ఒక్క పిసరు సాగదీశారు. చెయ్యి తిరిగిన మేస్త్రి పని, దండం పెట్టొచ్చు. కానీ ఆఖరిసారి చేసింది మాత్రం మేస్త్రి కాదు. మనిషి తల కోడిగుడ్డులా ఉంటుంది నాయనా. ఇది గుండ్రంగా ఉంది. దీన్ని గిన్నె మీద బోర్లించి ఆవిరి పట్టారు!"

అంటే ఎవరో ఇరవయ్యారేళ్లుగా మీకు తెలియకుండా మీ టోపీ ఎత్తుకెళ్లి, పెద్దది చేసి, తెచ్చి పెడుతున్నారు! ఎందుకు? మీకు పిచ్చెక్కించడానికి కాకపోతే ఎందుకు? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఆఫీసు దొంగ కూడా అంతే. నా అనుమానం పొట్టి గుమస్తా మీద. ఎవరు ఏమిచ్చినా తినకండి.

బాగుచేయమని అడిగితే అవ్వ టోపీని నా చేతిలో పెట్టేసింది. తల లేకుండా టోపీ ముట్టుకోదట. అందుకే తిప్పి పంపుతున్నాను. వీలు చూసుకుని తలతో సహా రండి.

మీ క్షేమం కోసం ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్న,
బావమరిది

తా.క.: ఆ గిన్నెకు ఎడమ పక్క సొట్ట ఉందట, టోపీ మీద అచ్చు పడింది. మీ ఎరుకలో సొట్ట గిన్నె ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

* * *

బావమరిదికి,

చేయకూడని పని చేశాను.

నీ ఉత్తరం చదివిన ఆవేశంలో తిన్నగా గుమస్తా ఇంటికి వెళ్లి వంటగదిలో జొరబడ్డాను. గిన్నెలన్నీ దించి ఒక్కోటీ వెలుతురులో తిప్పి చూశాను. ఒక్కదానికీ సొట్ట లేదు. గుమస్తా భార్య గుమ్మంలో నిలబడిపోయింది. వాడు చేతులు కట్టుకుని, "ఏం పోయింది సార్? చెబితే నేనూ వెతుకుతాను" అన్నాడు. ఆ మాటకు నా ప్రాణం చచ్చిపోయింది. పదకొండేళ్లుగా నా పక్కన నిలబడి ఏ వస్తువు ఎవరికి వెళ్లిందో రాసుకుంటున్న మనిషిని దొంగను చేశాను.

ఇంటికొచ్చి ఆలోచించాను. వేలం వేసేవాడికి గొంతుదేముంది, సంతలో ఎవడికైనా ఉంటుంది. వాడికి కావలసింది కళ్లు. చివరి వరసలో ఒకాయన కనుబొమ్మ ఎత్తితే పట్టుకోవాలి. నెత్తి మీది టోపీని పాతికసార్లు విప్పి కుడితే చూడలేనివాడు హాల్లో ఏం చూస్తాడు? పైగా ఆ టోపీ గురించే ఊరంతా గొప్పలు చెప్పుకున్నాడు. నాకు సిగ్గేస్తోందోయ్. ఏడుపొస్తోంది కూడా.

రాజీనామా రాశాను. నాలుగు పేజీలు వచ్చింది. యజమానికి అందించమని మీ అక్క చేతికిచ్చాను. ఈ ఉత్తరం నీకు చేరేసరికి నేను ఏమీ కాను.

ఇట్లు,
నీకు బావనన్నది తప్ప వేరే హోదా లేని,
నేను

తా.క.: సొట్ట గిన్నె సంగతి మీ అక్కకు చెప్పక తప్పలేదు. వినగానే మన పెద్ద గిన్నె తీసి అటక మీద పెట్టింది. దానికేమైందో మరి.

* * *

ఒరేయ్ తమ్ముడూ,

ఉత్తరం అక్క రాస్తోందేమిటని బిత్తరపోకు. మీ ఇద్దరి ఉత్తరాలూ మొదటి నుంచీ చదువుతూనే ఉన్నాను. కవర్లు రెండోసారి అంటించింది నేనే.

గిన్నె నాదే. పాతికసార్లు టోపీ విప్పించిందీ నేనే. గుమ్మడికాయల దొంగ అని నువ్వు రాస్తే నేను భుజాలు తడుముకుని గిన్నె అటకెక్కించాను.

పెళ్లయిన రెండో ఏడే ఆ టోపీ ముడుచుకుంది. నుదుటి మీద ఎర్రగా చార, రోజూ తలనొప్పి, ఇంట్లో చిర్రుబుర్రులు. "టోపీ బిగుతైందండీ" అంటే, "నా తలా మారలేదు, నా టోపీ మారలేదు" అని చిందులేశాడు. ఇక వాదించి లాభమేముంది? ఏటా ఒక ఆదివారం ఆయన గోడౌనులో సరుకు చూసుకోవడానికి టోపీ లేకుండా వెళతాడు, దుమ్మని. ఆ పూట టోపీ మన వీధి మేస్త్రి దగ్గరికి వెళ్లి వచ్చేది. తలనొప్పి పోయేది, నా కాపురం నడిచేది. ఈ ఏడు మేస్త్రి లేడు. నేనే కెటిల్ పెట్టి, గిన్నె మీద బోర్లించాను. ఈలోగా పక్కింటావిడ వచ్చింది. ఆవిడ మాటలు ఎంతసేపుంటాయో నీకు తెలుసుగా.

ఆయన చేప ముక్క వంక అనుమానంగా చూస్తుంటేనే సగం చచ్చాను. గుమస్తా సంగతి విన్నాక ఇక ఆగలేకపోయాను. అంతా చెప్పేశాను. మీ బావ టోపీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "పాతికేళ్లా?" అన్నాడు. "మరి నాకు కనబడలేదేం?" అన్నాడు. మళ్లీ ఆయనే మెల్లిగా అన్నాడు, "హాల్లో చూసినట్టు ఇంట్లో ఎవరి చేతుల వంకా చూడక్కర్లేదనుకున్నానే." నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయిరా. తిట్టినా బాగుండేది.

పొద్దున్నే సొట్ట గిన్నెను సాక్ష్యంగా చంకలో పెట్టుకుని గుమస్తా ఇంటికి వెళ్లి, వాళ్లిద్దరినీ క్షమించమని అడిగాడు. గుమస్తా భార్య గిన్నె చూసి ముందు జడుసుకుందట, తర్వాత నవ్వాపుకోలేకపోయిందట. అక్కడినుంచి తాళంచెవులు అప్పగించి వస్తానని టోపీ పెట్టుకుని వేలం హాలుకు వెళ్లాడు.

టోపీ ఎలా పట్టిందంటావా? వదులైన టోపీకి తోలు పట్టీ వెనక కాగితం మడిచి పెట్టాలని మేస్త్రి ఎప్పుడో చెప్పాడు. అటూ ఇటూ దళసరిగా పెడితే గిన్నె గుండ్రం పోయి తల ఆకారం వస్తుంది. అతికినట్టు సరిపోయింది. అద్దంలో చూసుకుని, "ఏం కాగితమే, ఇంత మెత్తగా ఉంది?" అన్నాడు. మంచి కాగితమేనన్నాను.

సాయంత్రం నిర్ఘాంతపోయి ఇంటికొచ్చాడు. "రాజీనామా గురించి యజమాని ఒక్క మాట ఎత్తలేదే! సుత్తి చేతికిచ్చి కానివ్వమన్నాడు. నన్ను వదులుకోవడం ఆయనకు ఇష్టం లేదన్నమాట!" అని రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. నేను ఒక్క అబద్ధమూ ఆడలేదు. యజమాని నిజంగానే ఏమీ అనలేదు కదా.

నీ నోట్లో నువ్వుగింజ నానదు. అయినా చెబుతున్నాను, ఇది మాత్రం నానబెట్టు.

ప్రేమతో,
మీ అక్క

తా.క.: టోపీ పట్టీలో ఎడమ పక్క కాస్త ఖాళీ మిగిలితే నీ ఉత్తరం మడిచి పెట్టాను. "ఎవరు ఏమిచ్చినా తినకండి" అన్న వాక్యం సరిగ్గా ఆయన ఎడమ చెవి పైన ఉంది.

మరో తా.క.: టోపీ ఎలాగూ ఏటా ముడుచుకుంటుంది. బిగుతైనప్పుడల్లా రాజీనామాలో ఒక్కో పేజీ లాగేస్తాను. నాలుగో పేజీ, సంతకం ఉన్నది, బయటికి తీసే ఏడు ఆయనకు అరవై నిండుతాయి. అప్పుడు నేనే స్వయంగా తీసుకెళ్లి యజమానికి ఇస్తాను. కంగారులో ఆయన తేదీ వేయడం మరిచిపోయాడులే.