ఖల్లివల్లి లింబాద్రి

హుఫూఫ్,
శుక్రవారం

శ్రీమతి ప్రేమలతకు నీ లింబాద్రి రాసేది ఏమనగా,

ఇక్కడ నేను క్షేమం, నా నడుము ఒక్కటి కాదు. అక్కడ నువ్వూ, నీ మోకాళ్లూ క్షేమమని తలుస్తాను.

నాకు ఎగ్జిట్ కొట్టేశారు, ఇక ఇంటికి వచ్చేయడమే! నెలాఖరుకు విమానం. ఇరవై తొమ్మిదేళ్లు ఈ సౌదీ ఖర్జూరం తోటలో నీళ్ల మోటార్లకు వైద్యం చేశాను. ఇక మన ఇంట్లో మోటారు వేయడం, ఆపడం తప్ప నాకు వేరే పని లేదు. ఈ సంగతి ఫోన్లో చెప్పేద్దామనుకున్నాను. కానీ ఫోన్లో మాట్లాడితే సగం మాటలు పక్కింటి అంజవ్వ చెవిలోనే పడతాయని, అసలు సంగతులు ఉత్తరం రాసి ఫోటో తీసి పంపమని నువ్వే కదా నియమం పెట్టావు!

గది ఖాళీ చేస్తున్నాను. ఒక్క మనిషి గదిలో ఇంత సామాను ఎలా పట్టిందో నాకే తెలియడం లేదు. అట్టపెట్టెలు కట్టీ కట్టీ చేతులు పడిపోయాయి. అన్నీ కార్గోలో పంపుతాను. ఏది ఎక్కడ పెట్టాలో కూడా ఆలోచించాను. తివాచీ హాల్లో. మా యజమాని కఫీల్ ఇచ్చిన ఇత్తడి కహ్వా కాఫీ కూజా షోకేసులో, వచ్చినవాళ్లకు కనిపించేటట్టు. కూలరు మూడో అంతస్తులో. ఐదుపూటలా అజాన్ చెప్పే గోడ గడియారం మన పడకగదిలో. అది లేకపోతే నాకు తెల్లవారదు.

నా రెండంతస్తుల ఇనుప మంచం ఒక్కటే తేలేను. పైబెడ్డు మీద పడుకునే వాళ్లంతా ఒక్కొక్కరే వెళ్లిపోయారు, ఇప్పుడు అక్కడ పెట్టెలున్నాయి. కింది బెడ్డు మాత్రం మొదటిరోజు నుంచీ నాదే. దాన్ని వదిలి రావాలంటే నవ్వుతావు గానీ, నాకు ఏడుపొస్తోంది.

మూడంతస్తుల ఇంటి యజమాని,
నీ లింబాద్రి

తా.క.: పులిబొమ్మ రగ్గులు ఇంకో రెండు కొన్నాను. ఒక పులి నోరు తెరిచి ఉంది, ఒకటి మూసుకుని ఉంది.

*

మెట్‌పల్లి,
ఆదివారం

భాగ్యలక్ష్మి నాయనకు నమస్కరించి ప్రేమలత రాయునది,

ఎగ్జిట్ కొట్టారని చదివి దేవుడి దగ్గర కొబ్బరికాయ కొట్టాను. భాగ్యలక్ష్మి అత్తారింటికి వెళ్లాక ఇన్నాళ్లకు నా ఇంట్లో ఇద్దరికి అన్నం వండుతాను. ఈ సంగతి అంజవ్వకు నేను చెప్పలేదు, అయినా ఆమెకు తెలుసు.

ఇక పెట్టెల సంగతి. పంపకండి. ఒక్కటి కూడా పంపకండి. ఇంట్లో జాగా లేదు.

తివాచీ వద్దు, కూలరు వద్దు, కూజా వద్దు. రెండు బ్యాగులతో మీరు రండి, చాలు. ముఖ్యంగా రగ్గులు వద్దేవద్దు. మీరు సెలవుకు వచ్చినప్పుడల్లా ఒక పులిని తెచ్చారు. ఇక్కడ ఎండకు కోళ్లు సొమ్మసిల్లి పడిపోతుంటే నేను పులులను కప్పుకుని ఎక్కడ పడుకోను?

జాగా ఎందుకు లేదని అడగకండి. వచ్చాక మీరే చూస్తారు. కోపం మాత్రం తెచ్చుకోకండి.

మీ రాకకు ఎదురుచూస్తూ,
ప్రేమలత

తా.క.: మీ ఇనుప మంచం పొడవు, వెడల్పు, ఎత్తు జానలతో కొలిచి రాయండి. ఎందుకని అడగకండి.

*

హుఫూఫ్,
మంగళవారం

ప్రేమలతకు,

క్షేమసమాచారాలు రాసే ఓపిక నాకు లేదు.

నీ ఉత్తరం చదువుతుంటే చేతిలో ఛాయ్ చల్లారిపోయింది, నేను మాత్రం ఉడికిపోయాను. జాగా లేదా? ఏడు గదుల ఇంట్లో జాగా లేదా? ఒక్కో గదికి ఒక్కో వేసవి చొప్పున ఇక్కడి ఎండలో నిలబడి కట్టాను. గృహప్రవేశానికి నువ్వు వీడియోలో చూపిస్తే ఏ గది ఎక్కడుందో కాగితం మీద గీసుకుని గోడకు అంటించుకున్నాను. అందులో ఒక కూజాకు చోటు లేదా? ఎవరున్నారు ఆ గదుల్లో? కూజాకు లేని చోటు నాకుంటుందా?

నిన్న రాత్రి అన్నం ముట్టలేదు. పొద్దున లేచి పెట్టెల తాళ్లన్నీ తెంపాను. తివాచీ పక్క తోటలోని బంగ్లాదేశీలకు ఇచ్చాను. కూలరు డ్రైవరు పట్టుకుపోయాడు. పులులు రెండూ రెండు దిక్కులకు పోయాయి. కసి తీరక నా ఫోన్ కూడా పక్కగది నౌమాన్‌కు సిమ్ముతో సహా ఇచ్చేశాను. పాపం ఆ పాకిస్తానీ పిల్లగాడు నాకు జ్వరమేమోనని నుదురు పట్టి చూశాడు. కూజా చేతిలోకి తీసుకుని చాలాసేపు కూర్చున్నాను. తరువాత అదీ ఇచ్చేశాను.

ఇప్పుడు గదిలో నేనూ, మంచమూ, గడియారమూ మిగిలాం. చాలు ప్రేమలతా! ఇంతకాలం చేసింది చాలు. ఈ రోజు నుంచి నేను ఖల్లివల్లి!

ఇట్లు,
జాగా లేని లింబాద్రి

తా.క.: మంచం పొడవు తొమ్మిది జానలు, వెడల్పు నాలుగు, ఎత్తు ఎనిమిది. పాడె కట్టించడానికైతే ఎత్తుతో పనిలేదు.

ఇంకో తా.క.: ఈ ఉత్తరం బకాలా అంగడి మలబారీ ఫోన్‌తో ఫోటో తీసి పంపుతున్నాను. అతనికి ఫోన్ చేయకు. అతనికి తెలుగు రాదు, నీకు మలయాళం రాదు.

*

మెట్‌పల్లి,
గురువారం

భాగ్యలక్ష్మి నాయనకు,

మీరు బతికి ఉంటే ఈ ఉత్తరానికి వెంటనే జవాబు రాయండి.

మీకు బుద్ధి ఉందా? ఈ వయసులో ఖల్లివల్లి అవుతారా? ఎగ్జిట్ కొట్టాక, విమానం ఎక్కే ముందు, పెళ్లాం ఒక కూజా వద్దన్నదని కంపెనీ వదిలి పారిపోతారా? మీ ఉత్తరం అక్కడిదాకా చదివి నేను గోడ పట్టుకుని కూర్చుండిపోయాను. ఖల్లివల్లి అంటే ఏమిటో ఈ వాడలో చంటిపిల్లలను అడిగినా చెబుతారు. కఫీల్ దగ్గర నుంచి పారిపోయి, కాగితాలు లేకుండా, పోలీసులకు దొరక్కుండా దొంగచాటున పని చేసుకునేవాడు. అంజవ్వ కొడుకు అలా అయ్యే కదా సొంత చెల్లెలి పెళ్లికి కూడా రాలేకపోయాడు!

అంజవ్వ వచ్చి నా పక్కన కూలబడింది. "అయ్యో బిడ్డా, ఖల్లివల్లి అయినోడు గింత జల్ది యాడొస్తడే? నా కొడుకు అచ్చేసరికి నేను గుర్తుపట్టలే. ఎవలయ్యా నువ్వు అని అడిగిన" అని ఏడుపందుకుంది. ఆమెను ఓదార్చడానికి నాకు గంట పట్టింది.

ఫోన్ ఇచ్చేశానని మీరు రాసినా, ఎవరైనా ఎత్తుతారేమోనని మీ నంబరుకు ఫోన్ చేశాం. మా తమ్ముడు రాజేశం మాట్లాడాడు. ఎవరో ఎత్తి, "లింబాద్రి భాయ్ కా కామ్ ఖలాస్ హో గయా" అన్నాడు. రాజేశం ఫోన్ కింద పెట్టి, "అక్కా, బావ పని ఖలాసట" అన్నాడు. ఆ తరువాత ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు. నీళ్లు చల్లి లేపారు. కళ్లు తెరిచేసరికి అంజవ్వ నా గాజుల వంక చూస్తోంది.

రాజేశం ఊరుకోలేదు. రియాద్ బతా బజారులో మనవాళ్లు ఎవరో ఉన్నారని నంబరు పట్టి, మీ కఫీల్‌కు ఫోన్ చేయించాడు. "లింబాద్రి ఖల్లివల్లి అయిండు, ముసలోడు, తెలివితక్కువై చేసిండు, కేసు పెట్టకుండ్రి" అని బతిమాలించాడు.

నాకు కూజా కావాలి. తివాచీ కావాలి. పులులు కూడా కావాలి. మీరు తిరిగి కఫీల్ దగ్గరకు వెళ్లండి. కాళ్లు పట్టుకోండి.

ఏడుస్తూ,
ప్రేమలత

తా.క.: టెంట్ హౌస్ వాళ్లు వచ్చి కుర్చీలు ఎన్ని వేయమంటారని అడిగారు. ఆగమన్నాను. బతికి ఉంటే ఈ సంగతి కూడా తేల్చి రాయండి.

*

హుఫూఫ్,
శుక్రవారం

నా ప్రేమలతకు బతికి ఉన్న లింబాద్రి రాసేది,

కుర్చీలు వద్దు.

నేను ఎక్కడికీ పారిపోలేదు. నిన్న మధ్యాహ్నం నా కింది బెడ్డు మీద గుర్రుపెట్టి నిద్రపోతున్నాను. తలుపు దబదబా బాదారు. తీసేసరికి కఫీల్ అబూ ఫహద్, ఆయన వెనక ఇద్దరు మనుషులు. వీడ్కోలు చెప్పి శాలువా కప్పడానికి వచ్చారేమోనని నేను చొక్కా తొడుక్కుంటున్నాను. ఆయనేమో గదంతా కలయజూసి నెత్తిన చేయి పెట్టుకున్నాడు. గోడలు బోసి, నేల బోసి. పారిపోయేవాడి గది ఎలా ఉంటుందో నా గది అచ్చం అలాగే ఉంది! "ఇన్నేళ్లు నా ఇంట్లో మనిషిలా ఉండి, ఇప్పుడు ఎక్కడికి పారిపోతున్నావు?" అని అరబ్బీలో అరిచాడు.

ఆఫీసులో గుమాస్తా నేను పరారీలో ఉన్నానని కంప్యూటర్లో పెట్టడానికి సిద్ధంగా కూర్చున్నాడట. అది ఒక్కసారి నొక్కితే ఎగ్జిట్ పోయేది, విమానం పోయేది, నేను జైలుకు పోయేవాణ్ణి. ముందు ఒకసారి కళ్లతో చూసి వస్తానని కఫీల్ ఆపాడు కాబట్టి సరిపోయింది.

ఓసి పిచ్చిదానా, ఇక్కడ అరబ్బులు దినమంతా ఖల్లివల్లి అంటూనే ఉంటారు. పోనీలే, వదిలెయ్, నాకేం పట్టింది అని దాని అర్థం. అన్నిటి మీదా ఆశ వదులుకున్నానని రాశాను. మన జిల్లాకు వచ్చేసరికి ఆ మాటకు కాళ్లొచ్చి పారిపోయింది, నేనేం చేసేది? ఇక నౌమాన్ అన్నది నా ఉద్యోగం పూర్తయిందని. ఇక్కడ ఛాయ్ తాగడం అయిపోయినా ఖలాసే. రాజేశానికి హిందీ వచ్చని ఎవరు చెప్పారు?

అంతలో మలబారీ తన ఫోన్‌కు వచ్చిన నీ ఉత్తరం తెచ్చి చూపించాడు. సంగతి తెలిశాక కఫీల్ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. తన ఫోన్‌తోనే నీకు కలిపాడు. అంజవ్వ ఎత్తింది. ఆయన సలాం అనేలోగా, "మా లింబన్నను ఏం చెయ్యకుండ్రి సారూ, ఆయన నడుము మంచిది కాదు" అని ఏడ్చి పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

తరువాత ఆయన నా పక్కన మంచం మీద కూర్చున్నాడు. "సామాను ఎందుకు పంచేశావు?" అని అడిగాడు. ఇంట్లో జాగా లేదని నా భార్య రాసిందని చెప్పాను. ఈసారి నవ్వలేదు. "అయితే వెళ్లకు. ఎగ్జిట్ రద్దు చేయిస్తాను. ఈ గది నీదే, ఈ మంచం నీదే" అన్నాడు.

నీ జవాబు వచ్చేదాకా ఆగమన్నాను. ఆదివారం ఆఫీసు తెరిచేసరికి చెప్పాలి. నిజం రాయి ప్రేమలతా. కోపంతో అడగడం లేదు, భయంతో అడుగుతున్నాను. ఆ ఇంట్లో నేను పడుకోవడానికి చోటు ఉందా, లేదా?

నీ,
లింబాద్రి

తా.క.: పులులను తిరిగి అడిగాను. ఇచ్చేది లేదన్నారు.

*

మెట్‌పల్లి,
శనివారం పొద్దున

భాగ్యలక్ష్మి నాయనకు మీ ప్రేమలత నమస్కరించి, నవ్వి, ఏడ్చి రాయునది,

చోటు లేదు. ఆ ఇంట్లో మీకూ లేదు, నాకూ లేదు. మీరు పోయినసారి సెలవు అయిపోయి వెళ్లాక ఇల్లంతా ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మలకు అద్దెకు ఇచ్చేశాను.

కూర్చుని చదవండి. కఫీల్ దగ్గరుంటే ఆయన్ను పట్టుకుని కూర్చోండి.

ఏడు గదులు ఊడ్చేసరికి మొదటి గదిలో మళ్లీ దుమ్ము పడుతుంది. మూడో అంతస్తు ఎక్కి ఏడాదయింది. ఈ మోకాళ్లతో నేను ఆ ఇంటికి మనిషిని కాదు, కాపలాదారును. మీరు ఎండలో నిలబడి కట్టిన ఇల్లు, ఈ మాట మీకు ఎలా రాయాలో తెలియలేదు. వచ్చాక చేయి పట్టుకుని చూపిద్దామనుకున్నాను. మీరు ఎగ్జిట్ అనగానే భయపడిపోయి జాగా లేదని మాత్రం రాశాను. తప్పు నాదే.

ఇప్పుడు నేను పెరట్లో పాత సామాన్ల గదిలో ఉంటున్నాను. దానికి ఒక చిన్న వంటగది కలిపించాను. రెండే గదులు. మంచం మీంచి చేయి చాస్తే ఛాయ్ గిన్నె అందుతుంది. నాకు ఎంతో సుఖంగా ఉంది.

ఇంకో సంగతి చెబుతాను, ఇన్నేళ్లూ చెప్పలేదు. మీరు సెలవుకు వచ్చినప్పుడల్లా పెద్ద పడకగదిలో పెద్ద మంచం వేసి, కొత్త దుప్పటి పరిచేదాన్ని. తెల్లారేసరికి మీరుండరు. ఇల్లంతా వెతికితే ఇదే సామాన్ల గదిలో, బియ్యం బస్తాలకూ గోడకూ మధ్య ముడుచుకుని నిద్రపోయేవారు. ఇంత ఇల్లు కట్టిన మనిషికి సొంత ఇంట్లో పడుకోవడం రాదని నేను అక్కడే నిలబడి ఏడ్చేదాన్ని. మిమ్మల్ని లేపకుండా వెళ్లి, మీరు లేచాక ఏమీ ఎరగనట్టు ఛాయ్ ఇచ్చేదాన్ని.

అందుకే కొలతలు అడిగాను. తొమ్మిది జానల పొడవు, నాలుగు జానల వెడల్పు, ఎనిమిది జానల ఎత్తు. వెల్డింగ్ చేసే ఆయన, "గిదేందక్కా, ఇద్దరు ముసలోళ్లకు హాస్టల్ మంచమేంది?" అన్నాడు. నీకెందుకయ్యా, చెప్పింది చెయ్ అన్నాను. మీ ఉత్తరం అందగానే నిన్న చెబితే, రాత్రికి రాత్రే చేసి పొద్దున్నే తెచ్చి వేశాడు. గోడకు ఆనించి వేయించాను, బియ్యం బస్తాలు పక్కనే ఉన్నాయి. మీకు నిద్ర పట్టకపోతే అడగండి.

మీ కఫీల్‌కు నా సలాం చెప్పి, ఆయన మంచం ఆయన్నే ఉంచుకోమనండి. మీరు రండి. ఏడు గదుల ఇల్లు ఖల్లివల్లి! చూశారా, ఇప్పుడు సరిగ్గా రాశాను కదా?

రెండంతస్తుల మంచం యజమానురాలు,
మీ ప్రేమలత

తా.క.: గడియారం తెండి. మేకు కొట్టించి ఉంచాను.

ఇంకో తా.క.: నా మోకాళ్ల సంగతి మీకు తెలుసు. కింది బెడ్డు నాది.