నలుగురే పాడిన ఆల్బమ్

స్వప్నా, బిడ్డా,

నువ్వు పోయి ఏడాది నిండి, సంవత్సరీకం పెట్టినా నీకు రాయడానికి నాకు చేయి రాలేదు. కానీ నువ్వు ప్రాణంగా వినే ఆ కొరియా పాటల అమ్మాయిల కొత్త ఆల్బమ్ వచ్చింది. ఈ కబురు నీకు కాక ఇంకెవరికి చెప్పను?

నిజామాబాద్‌లో కాలేజీకి పోయే నీ దోస్తు రమ్య నిన్న తెచ్చింది. కొత్త వస్తువు కదా అని ఆ ఆల్బమ్ డబ్బాకు పసుపు కుంకుమ పెట్టబోయాను.

"పెద్దమ్మా, అదేమన్న ట్రాక్టరా? ఖరాబైతది!" అని నవ్వింది. తర్వాత మెల్లగా చెప్పింది. "ఐదుగురుండె గదా, గిప్పుడు నలుగురే పాడిండ్రు. మన స్వప్నకు ఇష్టమున్న పిల్ల ఆ గ్రూపుల లేదు."

పాటలన్నీ నా ఫోన్లో పెట్టి పోయింది. ఇవాళ పొద్దుటి నుంచీ బీడీలు చుడుతూ విన్నాను. మొదటి ఆల్బమ్ నిండా కేకలే ఉండేవి, నువ్వు నా బీడీల చాట పక్కనే గంతులేసేదానివి. రెండోది మెత్తగా ఉండేది, బీడీల మూతులు మడుస్తూ నువ్వూ పాడేదానివి. ఆ పిల్ల సన్నని గొంతు ఇందులో ఎక్కడైనా వినిపిస్తుందేమోనని చూశాను. లేదు. ఆమె వంతు మిగతా నలుగురూ పంచుకున్నారు.

సాయంత్రం రమ్య వచ్చి, "ఎట్లున్నయి పెద్దమ్మా?" అని అడిగింది.

"ఏం బాగలేవు బిడ్డా. ఆ పిల్ల లేకుంటే అవేం పాటలు?" అన్నాను.

ఏకాదశి ఉపవాసం ఉన్న నోటితో అబద్ధమాడాను. పాటలు బాగున్నాయి స్వప్నా. ఒకటైతే నాలుగుసార్లు విన్నాను. ఐదోసారి దానితో కలిసి నేనూ కూనిరాగం తీశాను. నువ్వు లేకుండా పాడుతున్నానని తట్టి, చాట పక్కన పెట్టేశాను.

ఈ కాగితాలు నీ దగ్గరే దాచుకో. రమ్యకు మాత్రం చూపించకు.

అమ్మ